సీసా మీద ఒక అంకె

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరపు చిత్తడి నేలల్లో పెరిగే ఒక మొక్క ఆకులకు ఆవిరి పట్టి టీ ట్రీ నూనె తీస్తారు. మనం తాగే టీకీ దానికీ చుట్టరికం లేదు. అక్కడి బుంజలుంగ్ ఆదివాసులకు ఆ ఆకు తరతరాల మందు. 1920లలో సిడ్నీ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ పెన్‌ఫోల్డ్ ఆ నూనెను అప్పట్లో క్రిమిసంహారిణిగా వాడే కార్బాలిక్ ఆమ్లంతో పోల్చి చూశారు. దానికన్నా 11 రెట్లు బలంగా పనిచేసింది.

మన వాము కూడా తక్కువదేమీ కాదు. కర్నూలు రైతు పండించే ఆ గింజల్లో నూటికి 2 నుంచి 4 పాళ్లు నూనె ఉంటుంది. ఆ నూనెలో ఇంచుమించు సగం థైమాల్. నమిలితే నాలుక చురుక్కుమనేది దానివల్లే. బాక్టీరియా కణం చుట్టూ ఉండే పొరను అది దెబ్బతీస్తుంది, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, కణం చస్తుంది. టీ ట్రీ నూనెలో ఇదే పని చేసే పదార్థం పేరు టెర్పినెన్-4-ఆల్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీకి వెళ్లేది, థైమాల్ తీసేది అక్కడివాళ్లు.

బలంలో తీసిపోని మన వాము నూనె ఎందుకు వెనకబడింది? ఆస్ట్రేలియాలో టీ ట్రీ నూనెకు 1985లోనే జాతీయ ప్రమాణం రాసుకున్నారు, తరవాత అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 2017 సవరణ ప్రకారం టెర్పినెన్-4-ఆల్ కనీసం 35 శాతం ఉండాలి, ఆ నూనెలోనే ఉండే మరో పదార్థం సినియోల్ 10 శాతం మించకూడదు. సినియోల్ పెరిగిన నూనెలో అసలు సరుకు తగ్గుతుంది కాబట్టి ఆ హద్దు. నాకు ఇంకా నచ్చింది వాళ్లు లోపాలను దాచకపోవడం. 1990లో 124 మంది మొటిమల రోగుల మీద పరీక్షించి, మామూలు మందుకన్నా ఇది నెమ్మదిగా పనిచేస్తుందనీ, మంట, పొలుసులు మాత్రం తక్కువనీ ప్రకటించారు. మింగితే విషమనీ, గాలి తగిలి పాతబడిన నూనె చర్మానికి పడదనీ చెబుతారు.

నేను కొన్న వాము నూనె సీసా మీద 'నూరు శాతం స్వచ్ఛం' అని ఉంది. కీళ్ల నొప్పుల నుంచి జలుబు దాకా అరడజను రోగాల పేర్లున్నాయి. థైమాల్ ఎంత శాతమో మాత్రం రాయలేదు. ఆ నూనెను చల్లబరిస్తే థైమాల్ గడ్డకట్టి వాముపువ్వుగా విడిపోతుంది. అది తీసేసుకుని మిగిలిన నూనెను సీసాలో పోసి అమ్మినా, వాసన చూసి పట్టుకోవడం మనలాంటివాళ్లకు కష్టం.

ఇది సరిదిద్దుకోలేని లోపం కాదు. సుగంధ తైలాల మీద పనిచేసే సీమాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. ఏ పదార్థం ఎంతుందో తేల్చే గ్యాస్ క్రొమటోగ్రఫీ మనకు కొత్త విద్య కాదు. అమ్మేవాళ్లు ఆ ఫలితాన్ని సీసా మీద అచ్చు వేయాలి. అంతకన్నా ముందు కొనేవాళ్లు అడగాలి. ఈసారి వాము నూనె చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇందులో థైమాల్ ఎంత శాతమని దుకాణదారును ఒక్కమాట అడగండి.