ఎల్లలు లేని సముద్రం

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కొన్ని ఏళ్లలో అవి లక్షల సంఖ్యలో వస్తాయి. వాటి రక్షణ కోసం ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు, తీరానికి 20 కిలోమీటర్ల లోపు మరపడవలతో చేపలవేట నిషేధం. ఆ తీరంలో తెలుగు మాట్లాడే జాలరులూ ఉన్నారు. ఏడు నెలలు దగ్గరి నీళ్లను వదులుకోవడం వారికి చిన్న త్యాగం కాదు.

కాని తాబేలుకు ఎల్లలు తెలియవు. అది శ్రీలంక జలాల దాకా ఈదిపోతుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారం సాధారణంగా తీరం నుండి 200 నాటికల్ మైళ్ల వరకే ఒక దేశానికి చేపలపై హక్కు. ఆ పైది అందరి సముద్రం. భూమిపై పెరుగుతున్న అదనపు వేడిలో 90 శాతం దాకా భరిస్తున్నది సముద్రమే. అందరి సొత్తుకు కాపలా ఎవరు?

ఈ లోటు తీర్చడానికే 2023లో ప్రపంచ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం 2024లో దానిపై సంతకం చేసింది. 2026 జనవరి 17న అది అమలులోకి వచ్చింది. నడిసముద్రంలోనూ రక్షిత ప్రాంతాలను ఏర్పరచడానికి అది వీలు కల్పిస్తుంది. అయితే సంతకాలతోనే సముద్రం బాగుపడదు. ఒడ్డున పేద జాలరి నియమం పాటిస్తున్నప్పుడు, నడిసముద్రంలో పెద్ద ఓడలూ పాటించాలి. అదే న్యాయం.