పెయింటుబాలు తుపాకిని విప్పి చూపవలెను

పెయింటుబాలు అను క్రీడ యిటీవల మన విద్యార్థులకు గూడ పరిచితమైనది. హైదరాబాదు పరిసరములయందు దానికై కంచె వేసిన మైదానములు వెలసినవి. రుసుము చెల్లించిన బాలుని చేతికొక తుపాకినిచ్చి, ట్రిగ్గరును జూపి, “ఇచ్చట నొక్కుము” అని పంపుట కలదు. ఇంతమాత్రపు బోధ చాలదనియు, తుపాకిని బల్లపై విప్పి దాని యంగములను జూపిన పిమ్మటనే పిల్లల చేతికీయవలెననియు నా యభిప్రాయము. ఆటవస్తువునకు యంత్రశాస్త్రమేల యని నవ్వువారుందురు. వారికొఱకే యీ నాలుగు మాటలు.

ఇది మొదట ఆటకై పుట్టినది కాదు. అమెరికాదేశమున చెట్లకును పశువులకును దూరమునుండి రంగు గుర్తు పెట్టుటకై నెల్సన్ రంగుల కంపెనీవారు దీనిని అమ్ముచుండిరి. 1981వ సంవత్సరము జూను 27వ తేదీన న్యూహాంప్‌షైరు రాష్ట్రమున 12 మంది ఆ పనిముట్లనే చేబూని అడవిలో మొదటి యాట నాడిరి. గెలిచినవాడు అడవుల పనివాడు. ఒక్క గుండైనను పేల్చకయే జెండాలన్నియు దెచ్చెనని చెప్పుదురు. నేటికిని ఆటగాండ్రు దీనిని గుర్తు పెట్టునదను నర్థమున మార్కరు అనియే పిలుచుచున్నారు.

వెలుపలి యంగములు చూడగనే తెలియును: నడుమ మొండెము, ముందు గొట్టము, పైన గుండ్ల తొట్టి, వెనుకనో క్రిందనో వాయువు సిలిండరు. గుండు 0.68 అంగుళముల వ్యాసము గలది. మందుమాత్రల తొడుగువలె జెలటినుతో జేసినది. లోపల నీటితో కడిగిన పోవు రంగుండును.

లోపలి సంగతియే చూడదగినది. అద్దెకిచ్చు సాధారణపు తుపాకులు పెక్కింటిలో నొక బరువైన సుత్తియు, దాని వెనుక స్ప్రింగును, ముందు వాల్వును, గుండును గొట్టములోనికి నెట్టు బోల్టును ఉండును. బోల్టును సుత్తియు నొక కడ్డీచే గూర్పబడి కలిసి కదలును. సుత్తిని వెనుకకు లాగినప్పుడు స్ప్రింగు అణగును. సియరు అను చిన్న కొక్కెము సుత్తిని పట్టి నిలుపును. ట్రిగ్గరు చేయు పని యంతయు ఆ కొక్కెమును విడిపించుటయే. అంతట స్ప్రింగు సుత్తిని ముందునకు తోయును. బోల్టు గుండును గొట్టములో నిలుపును. సుత్తి వాల్వు కాడను గొట్టగా నది క్షణకాలము తెఱచుకొనును. వెడలిన వాయువులో నొక భాగము గుండును దోలును. వేఱొక భాగము సుత్తిని మరల వెనుకకు నెట్టి కొక్కెమునకు దగిలించును. ఒక్క యూపిరితో రెండు పనులు! మా తరగతిలో వాయుపీడనమును గూర్చి వల్లించిన వాక్యములన్నిటికంటె నిది బాగుగా బోధించునని నాకు దోచుచున్నది.

ఇప్పుడు ఆలోచింపుడు. తొట్టిని తీసివేయగనే తుపాకి వట్టిదైనదని పిల్లలు తలంతురు. కాని తొట్టినుండి దిగిన గుండొకటి బోల్టునకు ముందు కూర్చుండియుండును. సిలిండరు విప్పినను లోపల వాయువు కొంత నిలిచియుండవచ్చును. ఆ యొక్క గుండే కన్ను పోగొట్టుటకు చాలును. కావున తొట్టి తీసి, సిలిండరు విప్పి, ఎవరును లేని దిక్కునకు గొట్టము త్రిప్పి, సుత్తిని లాగుచు వాయువు చప్పుడు పూర్తిగా నాగువఱకు పేల్చి, పిమ్మట గొట్టపు మూతికి తొడుగు వేయవలెను. మైదానమున నున్నంతసేపు ఎవరును ముఖకవచము తీయరాదు. చెమట పట్టినదని తీయువారే యెక్కువ. కవచము తుపాకి యంగము కాకపోయినను నేను దానిని ప్రథమాంగముగా నెన్నుదును.

మఱియొక చిన్న యంగము కలదు. దానినే నేను మిక్కిలి శంకింతును. అది స్ప్రింగును బిగించు మర. బిగించినకొలది సుత్తి గట్టిగా కొట్టును, వాల్వు ఎక్కువసేపు తెఱచియుండును, గుండు వేగము హెచ్చును. సామాన్యముగా సెకనునకు 300 అడుగులు మించరాదని నియమము; పెక్కు మైదానములవా రింకను తగ్గింతురు. మరను రహస్యముగా త్రిప్పినవాని తుపాకి వెలుపల నెప్పటివలెనే కనబడును. క్రోనోగ్రాఫు అను వేగమాపకముననే గుట్టు బయటపడును. బొగ్గుపులుసు వాయువు నింపిన సిలిండరైనచో మర త్రిప్పకున్నను జాగ్రత్త వలయును. అందు వాయువు కొంత ద్రవరూపమున నుండి, ఎండకు పీడనము పెంచుకొనును. ఉదయమున గొలిచిన వేగము మన మే నెల మధ్యాహ్నమునను అట్లే యుండునని నమ్మరాదు, మరల గొలువవలెను. రెగ్యులేటరుతో గూడిన వట్టి గాలి సిలిండరులకు ఈ చిక్కు తక్కువ.

ఇంత చెప్పుటకు కాలము చాలదని మైదానముల యజమానులు అందురేమో. పనికిరాని పాత తుపాకి నొకదానిని నిలువున కోసి బల్లపై నుంచిన పావుగంటలో ముగియును. మన పాఠశాలనుండి జట్టును గొనిపోవు ఉపాధ్యాయులు ముందుగా ఆ బల్లను, క్రోనోగ్రాఫును చూపుమని యడుగవలెను. లేవన్నచోట రుసుము చెల్లింపక, పిల్లలను వెంటబెట్టుకొని తిరిగి రావలెను.