ఫియట్టుగారి పొర్లుదండాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంకాలం నడిచేవారికి ఒక దృశ్యం బాగా పరిచయమే. గాజుపెట్టెలో ఇనుప ఊచకు గుచ్చిన కోళ్ళు మెల్లిగా దొర్లుతూ, అన్నివైపులా సమంగా కాలుతూ ఉంటాయి. శాకాహారులు ముఖం తిప్పుకుని పోతారు. నేనూ అలాగే పోయేవాణ్ణి. ఈమధ్య మాత్రం రెండు నిమిషాలు నిలబడి చూస్తున్నాను. మా మామగారి కారుకి సరిగ్గా అదే మర్యాద జరుగుతోంది మరి!

మామగారిది 1966 నాటి ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌వారు తయారుచేసిన బండి. గేరుకర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. 1974లో సెకండ్‌హాండుకి కొని, పిల్లల్ని ఎక్కించుకుని నాగార్జునసాగర్ తీసుకువెళ్తూండేవారు. తర్వాత ఎల్‌బీ నగర్ ఇంటి వసారాలో ఇరవై ఏళ్ళు టార్పాలిను కింద నిద్రపోయింది. మామగారికి ఇప్పుడు ఎనభై నాలుగు. "అల్లుడుగారూ, ఇంకొక్కసారి దాన్లో సాగర్ డ్యామ్ దాకా వెళ్ళొస్తే చాలు" అన్నారు. ఆ మాట విన్న అల్లుడు ఊరుకుంటే ఇంట్లో భోజనం దొరుకుతుందా?

మొదట చూపించిన షెడ్డు పేరు చెప్పను. బండి అడుగు తుప్పు చూడాలని తలుపులన్నీ ఊడదీసి, పాత టైర్లు పేర్చి, నలుగురూ పట్టి దాన్ని పక్కకి ఒరగబెట్టారు. ఒక కుర్రవాడు, పదహారేళ్ళుంటాయేమో, బ్రష్షు పట్టుకుని కిందికి దూరాడు. అంతలో పైటైరు జారింది. వాడు కప్పలా ఎగిరి బయటపడ్డాడు కాబట్టి సరిపోయింది. టాపు అంచు మాత్రం లోపలికి నొక్కుకుపోయింది. సంగతి చెబితే మామగారు కారు మాటే ఎత్తలేదు. "ఆ అబ్బాయికేం కాలేదు గదా?" అని మూడుసార్లు అడిగారు. మర్నాడే బండిని అక్కణ్ణుంచి తెప్పించేశారు.

ఆ మీదట వనస్థలిపురం అవతల ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దొరికాడు. లారీల మధ్య చిన్న షెడ్డు. తిప్పుడు స్టాండు తనే కట్టుకున్నాడు. పుస్తకాల్లో దీన్ని రొటిసరీ అంటారు. మాంసం కాల్చే తిరుగుడు పొయ్యికున్న పేరే అది, ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ముందొక స్తంభం, వెనకొక స్తంభం, వాటి మధ్య డొల్ల. తిప్పితే కారు వెల్లకిలా పడుకుంటుంది. అడుగుభాగం కళ్ళముందుకొస్తుంది. వెల్డింగువాడు నిప్పురవ్వలు మీద పోసుకుంటూ నేలమీద పడుకోనక్కర్లేదు.

ఇదంతా ఎందుకంటారా? ఫియట్టుకి వేరే ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కిందుండే పొడుగాటి పెట్టెభాగాలు, స్తంభాలు అన్నీ కలిసి ఒకే గూడు. అంబాసిడరుదీ దాదాపు ఇదే పద్ధతి. నేల తుప్పు పట్టిందంటే కారుకి వెన్నెముక పోయినట్టే.

మేస్త్రీ తొలి వారం స్టాండు జోలికే పోలేదు. ముందు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, అద్దాలు, సీట్లు తీసేశాడు. ఖాళీ ట్యాంకే మరీ ప్రమాదమట, లోపలి ఆవిరికి నిప్పురవ్వ చాలు. తర్వాత ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు. తలుపులు తీసే ముందు ద్వారబంధాల్లో అడ్డంగా, నిలువుగా గొట్టాలు బిగించాడు. ఎడమవైపునుంచి కుడివైపుకి మరో రెండు. ఇవి లేకపోతే తిప్పినప్పుడు గూడు మెలిపడుతుంది. రంగంతా అయ్యాక తలుపు మూయబోతే పట్టదు. అప్పుడు ఏడ్చి లాభం లేదు.

ఇంక ఎక్కడ తగిలించాలి? బంపర్లు బిగించే చోట. అయితే అక్కడి ఇనుము గట్టిదేనా? మేస్త్రీ చిన్న సుత్తితో తట్టి వింటాడు, స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తాడు. మా బండి వెనకవైపు కుడిచోట స్క్రూడ్రైవరు పెసరట్టులోకి దిగినట్టు దిగిపోయింది. అంచేత అక్కడ ముందు కొత్త రేకు వేసి, తరవాతే తగిలించాడు. బరువు ఒక్క బోల్టు మీద పడకుండా వెడల్పాటి పలకలు వేశాడు. బోల్టు తలమీద 8.8 అని అంకె ఉన్నవే వాడాడు. మామూలు బోల్టు తెగితే చెప్పి తెగదు గదా!

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. "సార్, బండికి బొడ్డుంటది. అదేడుందో దొరకబట్టాలె" అన్నాడు మేస్త్రీ. మనం స్కూల్లో చదువుకున్న గరిమనాభి అదే. తిరిగే ఇరుసుకంటే బొడ్డు పైనుంటే, పిన్ను తీయగానే 200 కిలోలకు పైబడ్డ డొల్ల తనంతట తనే తిరగబడుతుంది. ఎదురున్నవాడి చెయ్యి దక్కదు. బొడ్డు మరీ కిందుంటే ఉయ్యాలలా వెనక్కి విసిరికొడుతుంది. అందుకని ముందు జానెడు మాత్రమే వంచి, తాడు పట్టుకుని చూస్తాడు. ఇంకా పడిపోవాలని చూస్తే డొల్లను ఇరుసుకంటే కిందికి దించాలి. పరుగున వెనక్కొస్తే పైకి లేపాలి. ఆపినచోట ఆగి, కొద్దిగా మాత్రం వెనక్కి మొగ్గితే సరిపోయినట్టు. ఈ సవరింపులన్నీ డొల్ల బరువు చెయిన్‌పుల్లీ మీద ఉండగానే చేయాలి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే గీతలో ఉండాలి. రెండు స్తంభాలూ దూరం జరగకుండా కింద ఒక దూలం కలపాలి. ఫియట్టు వెడల్పు అయిదడుగులకు కొంచెం తక్కువ. మూలలు నేలకి తగలకూడదు కాబట్టి ఇరుసు మూడున్నర అడుగుల ఎత్తున పెట్టాడు.

ఒకసారి కుదిరింది గదా అని ధీమా పడితే మళ్ళీ మోసమే. కుళ్ళిన నేలరేకు కోసేస్తే కింద బరువు తగ్గి, బొడ్డు పైకి జరుగుతుంది. నిన్న బుద్ధిగా తిరిగిన బండి ఇవాళ తిరగబడవచ్చు. అందుకే కోసినప్పుడల్లా మళ్ళీ జానెడు పరీక్ష. రెండువైపులా ఒకేసారి కోయడు, ఒకవైపు కుదిర్చాకే రెండోది. తిప్పేటప్పుడు ఇద్దరుంటారు, చెరో కొసనా. పిన్ను పడిందాకా చెయ్యి తీయరు. పిన్ను లేకుండా కిందికి ఎవరు దూరినా ఆరోజు కూలి కట్ అని షెడ్డులో బొగ్గుతో రాసిపెట్టాడు.

మొదటిసారి తిప్పేరోజు మామగారు స్టూలు వేయించుకుని కూర్చున్నారు. ఫియట్టు మెల్లిగా ఒక పక్కకి ఒరిగి, ఆపై వెల్లకిలా తిరిగింది. గలగలమని లోపలినుంచి తుప్పు రాలింది. కళ్ళద్దాలు పెట్టుకోమని మేస్త్రీ ముందే చెప్పాడు. తుప్పుతోబాటు రెండు హెయిర్‌పిన్నులూ, తామరపువ్వున్న ఇరవై పైసల ఇత్తడి రంగు నాణెమూ రాలాయి. హెయిర్‌పిన్నులు ఎవరివో మామగారికి తెలుసు కాబోలు, జేబులో వేసుకున్నారు. నాణెం ఆ మేస్త్రీ కుర్రాడికిచ్చారు.

కాగితాల గొడవ ఇంకోటుంది. 2021 జూలైలో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ మార్చకుండా ఉన్న కారుకి వింటేజి కింద ప్రత్యేకమైన నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషనుకి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. కాని ఆ నంబరుతో ప్రదర్శనలకూ, ర్యాలీలకూ వెళ్ళవచ్చు గాని రోజూ తిరగడానికి వీల్లేదు. సాగర్ ప్రయాణం దేని కిందికి వస్తుందో మామగారు ఇంకా ఆలోచిస్తున్నారు.

ఈలోగా ఇంట్లో రంగు తగువు మొదలైంది. మామగారు పాలమీగడ రంగంటారు. అత్తగారు, "అది ఎప్పుడూ నీలమేగా!" అంటారు. వెల్లకిలా ఉన్న బండి అడుగున, తుప్పు గీకినచోట, లేత ఆకుపచ్చ కనిపించిందని నేనింకా ఇద్దరికీ చెప్పలేదు.