తెర చెడితే కంప్యూటరు పోయినట్లేనా?



చీటీ పాడిన డబ్బుతోనో, పంట అమ్మిన డబ్బుతోనో పిల్లల చదువు కొరకు కంప్యూటరు కొన్న కుటుంబములు మన గ్రామములలో అనేకము కలవు. కొన్ని సంవత్సరములు బాగుగా పనిచేసిన తరువాత ఒకనాడు తెర మీద రంగు గీతలు, చుక్కలు కనబడును. లేదా తెర నల్లగా ఉండిపోవును. షాపుకు తీసుకొనిపోతే, “బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి” అందురు. ఆ మాట నిజమైన సందర్భములు ఉన్నవి. అయితే తక్కువ ఖర్చుతో యంత్రమును నిలుపుకొనగల సందర్భములు కూడ ఉన్నవి. రెండింటికి తేడా తెలిసికొనుట మంచిది.

కంప్యూటరులో లెక్కలు చేయు భాగము ఒకటి, ఆ ఫలితమును బొమ్మగా మార్చి తెరకు పంపు భాగము మరియొకటి. ఈ రెండవ దానిని గ్రాఫిక్సు అందురు. ఖర్చు తగ్గుటకు దీనిని మదర్‌బోర్డులోనే కలిపివేసిరి. 1999లో వచ్చిన ఇంటెల్ 810 చిప్‌సెట్ అటువంటిదే. 2010 నుండి ఇంటెల్ వారు దానిని ప్రాసెసరుతోనే కలిపి ఇచ్చుట మొదలుపెట్టిరి. ఇది గోడలో కట్టిన గూడు వంటిది. గూడు పగిలితే దానిని ఊడదీసి మార్చలేము. కాని ప్రక్కన ఒక బీరువా పెట్టుకొనవచ్చును. విడిగా దొరకు గ్రాఫిక్సు కార్డు ఆ బీరువా వంటిది.

ఇవి ఎందుకు చెడిపోవును? ముఖ్యముగా వేడి వలన. దుమ్ము పట్టి ఫ్యాను సరిగా తిరగకపోతే చిప్పు కాగుచు, చల్లారుచు లోపలి అతుకులు బలహీనపడును. 2008 జూలైలో ఎన్‌విడియా కంపెనీ, తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పులలో వాడిన పదార్థము బలహీనమైనదని చెప్పి, ఆ ఖర్చుల కొరకు 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయించుచున్నట్లు ప్రకటించినది. అంత పెద్ద కంపెనీకే తప్పని సమస్య ఇది.

కార్డు కొనకముందు మూడు పరీక్షలు చేయండి. మొదటిది, పొరుగువారి మానిటరు, కేబులు తెచ్చి తగిలించి చూడండి. గీతలు పోతే లోపము మీ మానిటరులోనో, కేబులులోనో ఉన్నది. రెండవది, బోర్డులోని గ్రాఫిక్సుకు సొంత మెమరీ సాధారణముగా ఉండదు. అది ర్యామ్‌లో కొంత వాడుకొనును. కావున ర్యామ్ చెడినను తెర మీద గీతలు రావచ్చును. దానిని తీసి, బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, మరల గట్టిగా నొక్కి పెట్టండి. మూడవది, గీతలు ఎప్పుడు వచ్చుచున్నవో గమనించండి. స్విచ్ వేయగానే, విండోస్ రాకముందే కనబడితే లోపము యంత్రములోనిదే. విండోస్ వచ్చిన తరువాతనే వచ్చి, సేఫ్ మోడ్‌లో రాకపోతే, అది డ్రైవరు లోపము కావచ్చును. దానికి డబ్బు ఖర్చు లేదు.

లోపల ఫ్యాను కూడ తిరగకపోతే కార్డు వలన ప్రయోజనము లేదు. పవర్ సప్లయిని చూపించవలెను. బోర్డు మీది చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు పైకి ఉబ్బియున్న యెడల బోర్డు మొత్తము బలహీనపడినదని గ్రహించండి. అప్పుడు కార్డు పెట్టినను ఎంతకాలము నిలుచునో చెప్పలేము.

కార్డు ఎన్నుకొనునప్పుడు బోర్డు మీద పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉన్నదో లేదో చూడండి. ఇవి 2004 నుండి వచ్చిన బోర్డులలో కనబడును. ఆ స్లాటు 75 వాట్ల వరకు కరెంటు ఇయ్యగలదు. జీటీ 710 వంటి చిన్న కార్డుకు 19 వాట్లు, జీటీ 1030కి 30 వాట్లు చాలును. వేరే తీగ అక్కరలేదు. ఆటల కొరకు చేసిన పెద్ద కార్డులకు పెద్ద పవర్ సప్లయి కావలెను. పాఠములకు, ఉత్తరములకు అవి అనవసరము. పాత మానిటరుకు నీలిరంగు వీజీఏ కేబులు మాత్రమే ఉంటే, కార్డుకు కూడ ఆ రంధ్రము ఉండవలెను. పెట్టె సన్ననిదైతే పొట్టి కార్డు అడగండి. కొన్ని పాత బోర్డులు కొన్ని కార్డులను అంగీకరించవు. అందుచేత వీలైతే యంత్రమునే షాపుకు తీసుకొనిపోయి, పెట్టించి చూచిన తరువాతనే డబ్బు చెల్లించండి.

బిగించునప్పుడు ప్లగ్గు తీసి, పెట్టె ఇనుమును ఒకసారి తాకి, కార్డును క్లిప్పు పట్టువరకు నొక్కి, మర బిగించండి. మానిటరు కేబులును పాత చోట గాక, కొత్త కార్డుకే తగిలించవలెను. చాలమంది ఇక్కడే తికమకపడుదురు. తరువాత డ్రైవరు ఎక్కించండి.

ల్యాప్‌టాప్‌కు సాధారణముగా ఈ మార్గము లేదు. చిప్పును వేడిచేసి బాగుచేసెదమని చెప్పుదురు గాని, అటువంటి మరమ్మతు తరచుగా కొద్ది కాలమే నిలుచును. ధర ఇచ్చుటకు ముందు ఎన్నాళ్ల గ్యారంటీ అని అడగండి.

ముఖ్యమైన మాట ఒకటి. గ్రాఫిక్సు చెడినంత మాత్రాన హార్డ్ డిస్కులోనివి పోవు. పెండ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, సంఘపు లెక్కలు అందులోనే ఉండును. “ఫార్మాట్ చేయాలి” అని ఎవరైన చెప్పిన యెడల, ముందు వాటిని వేరే డిస్కులోనికి తీయించుకొనండి. కొత్త యంత్రమే కొనవలసి వచ్చినను పాత డిస్కును షాపులో విడిచిపెట్టవద్దు.

ఇక ఖర్చు సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రము మీద కొత్త కార్డు కొరకు ఎక్కువ పెట్టుట తగదు. పనిచేయుచున్న పాత కార్డు చౌకగా దొరికితే అది చాలును. పిల్లవాని పరీక్షలు దగ్గరలో ఉండి, యంత్రములో మిగిలినదంతయు బాగున్న యెడల, ఆ చిన్న కార్డు ఈ సంవత్సరపు అప్పును మీకు తప్పించును.