రెండో డిస్కు బతికే ఉందా?

"మా సర్వర్లో మిర్రరింగు ఉందండీ, మాకేం భయం?" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండో డిస్కు బతికే ఉందని ఎవరు చెప్పారు మహాప్రభో?

ఈమధ్య ఒక ఆఫీసు వాళ్ళు (పేరొద్దు లెండి) సర్వరు పడుకుందని పిలిస్తే వెళ్ళా. లినక్సు, రెయిడ్ 1. ఒక డిస్కు ఆ పొద్దున్నే పోయింది. రెండోదాన్ని చదివితే చివరిసారి రాసిన తేదీ పదకొండు నెలల కిందటిది! అంటే అది ఎప్పుడో జట్టులోంచి బయటపడింది, ఎవరూ చూడలేదు. హెచ్చరిక మెయిళ్ళు రూట్ ఖాతాకి వెళ్తాయట, దాన్ని తెరిచే నాథుడు లేడు. బ్యాకప్పా? మిర్రరింగు ఉందిగా అని తియ్యలేదు. ఇప్పుడు అకౌంట్సులో ఒకమ్మాయి పదకొండు నెలల బిల్లులు కాగితాలు చూసి మళ్ళీ కొడుతోంది.

ప్రోక్‌లో ఎండీస్టాట్ ఫైలు చూడ్డానికి ఐదు సెకన్లు చాలు. రెండు యూలుంటే ఇద్దరూ ఉన్నట్టు, ఒక యూ పక్కన గీతుంటే ఒకడు పోయినట్టు. అలాగని రెండు యూలు చూసి గుండెమీద చెయ్యేసుకోకండి. ఏళ్ళతరబడి ఎవరూ చదవని సెక్టారు ఎప్పుడు చెడిందో డిస్కుకే తెలీదు. తీరా కొత్త డిస్కు పెట్టి, పాతదంతా చదివి నింపేటప్పుడు బయటపడుతుంది. అందుకే డెబియన్ నెలకోసారి మొత్తం చదివిస్తుంది. మనవాళ్ళేమో "స్లో అవుతోంది" అని దాన్ని ఆపేస్తారు!

స్మార్ట్ రిపోర్టు బాగుందంటారా? 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల్ని గమనిస్తే, చచ్చినవాటిలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ తేడా చూపించకుండానే చచ్చాయి.

ఇదంతా చెప్పాక ఆ ఆఫీసు మేనేజరు అడిగాడు, "పోనీ మూడో డిస్కు పెట్టేద్దామా సార్?"