ఇశ్రాయేలు పేరు, ఇజ్రాయెల్ కాగితము



మన పరిశుద్ధ గ్రంథములో ఇశ్రాయేలు అని యున్నది. వార్తాపత్రికలో ఇజ్రాయెల్ అని వ్రాయుదురు. అక్షరములలోని భేదము చిన్నదే గాని, దాని వెనుకనున్న భేదము చిన్నది కాదు. ఈ రెంటిని ఒకటిగా కలిపి బోధించువారు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లె సంఘములలోనికి వచ్చుచున్నారు. నీలి నక్షత్రపు జెండాను ప్రార్థనా మందిరములో నిలుపుచున్నారు. ఆ దేశస్థులందరు యాకోబు రక్తమనియు, ఆ దేశము చేయు ప్రతి యుద్ధము దేవుని యుద్ధమనియు, ఆ నేలమీద అడుగుపెట్టిన వానికి అపాయము రాదనియు చెప్పుచున్నారు. ఈ మూడు మాటలును తప్పు.

మొదట రక్తము మాట చూతము. నేటి ఇజ్రాయెల్ దేశస్థుడెవడు? 1948 మే 14న ఏర్పడిన ఒక రాజ్యమునకు పౌరుడు. పన్ను కట్టును, ఓటు వేయును. ఆ దేశ జనాభా సుమారు కోటి. అందులో ఇంచుమించు అయిదవ వంతు అరబ్బులు. క్రైస్తవులు సుమారు లక్షా ఎనుబది వేలు. వారిలోను ఎక్కువమంది అరబ్బులే. ప్రభువు పెరిగిన నజరేతు నేడు అరబ్బీ మాటలాడు పట్టణము. అక్కడ అరబ్బీలో ప్రార్థించు విశ్వాసి ఇజ్రాయెల్ పౌరుడే. జెండా నిలుపు మన బోధకుడు అతనిని యాకోబు రక్తమని ఒప్పుకొనునా?

ఆ దేశములోనే ఈ సంగతి తేలలేదు. తమ జాతిని ‘ఇజ్రాయెలీ’ అని నమోదు చేయుడని కొందరు పౌరులు కోరగా, 2013లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానము కాదన్నది. యూదుడు, అరబ్బు, డ్రూజు అని వేరువేరుగానే నమోదు సాగుచున్నది. 2018లో చేసిన చట్టము ఆ దేశములో స్వయంనిర్ణయ హక్కు యూదు ప్రజలది మాత్రమే అన్నది. న్యాయాధిపతులు ఏండ్ల తరబడి వాదించుకొనుచున్న దానిని మన బోధకుడు ఒక్క రాత్రి కూటములో తేల్చివేయుచున్నాడు!

ఇంకొక సంగతి వినుడి. 1950 జూలై 5న ఆ దేశము, యూదుడెవడైనను వచ్చి స్థిరపడవచ్చునని చట్టము చేసెను. పోలండులో యూదు తలిదండ్రులకు పుట్టిన ఆస్వాల్డ్ రూఫైసెన్ అను నతడు హిట్లరు సైన్యము చేతినుండి అనేక యూదులను తప్పించెను. తరువాత క్రీస్తును నమ్మి, సన్యాసియై దానియేలు అను పేరు పెట్టుకొనెను. 1959లో ఆ దేశమునకు వచ్చి, నేను యూదుడను, ఆ చట్టము ప్రకారము నన్ను చేర్చుకొనుడని అడిగెను. 1962లో న్యాయస్థానము కాదన్నది. పరదేశి దరఖాస్తు పెట్టుకొన్నట్లు పెట్టుకొని, తరువాత పౌరుడాయెను. 1970లో అన్యమతస్థుడు యూదుడుగా ఎంచబడడని చట్టములోనే వ్రాసిరి. పేతురు, పౌలు నేడు వచ్చి ఆ కచేరీలో నిలువబడినను జవాబు ఇదే.

ఈ బాధ మనకు క్రొత్తది కాదు. ఆ చట్టము పుట్టిన ముప్పదియారు దినములకు, 1950 ఆగష్టు 10న, మన దేశములో షెడ్యూల్డు కులములను గూర్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడెను. హిందువు కానివాడు ఆ పట్టికలో ఉండరాదన్నారు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును తలుపు తెరచిరి, మనకు తెరువలేదు. బాప్తిస్మము పొందిన మాల, మాదిగ కాగితముమీద బి.సి. ‘సి’ అగును. ఊరు వాని కులమును మరువదు. కచేరీ మాత్రము అది పోయినదనును. కాగితము మనిషిని ఎంత తెలిసికొనునో మనకంటె ఎవరికి బాగుగా తెలియును? అట్టి మనము మరియొక రాజ్యపు కాగితమును దేవుని జీవగ్రంథమని ఎట్లు నమ్ముదుము?

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెములో కొన్ని మాదిగ కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకొని, 1990ల ఆరంభమున సమాజమందిరము కట్టుకొని, శనివారము విశ్రాంతిదినముగా ఆచరించుచున్నవి. వారి నాయకులు పూర్వము బాప్టిస్టు బోధకులే. వారిని హేళన చేయకుడి. వాడకు నెట్టివేయబడినవాడు గౌరవమైన వంశము వెదకుట నేరము కాదు. అయితే మన మాదిగవానికి మర్యాద కావలెనన్న యాకోబు వంశవృక్షము అక్కరలేదు. రాళ్లనుండియు దేవుడు అబ్రాహామునకు పిల్లలను పుట్టింపగలడని యొర్దాను తీరమున యోహాను చెప్పిన సంగతి మనమెరుగమా?

ఇక యుద్ధము మాట. 2023 అక్టోబరు 7న హమాసువారు చేసిన దాడిలో సుమారు 1,200 మంది చంపబడిరి. ఇంచుమించు 250 మంది చెరపట్టబడిరి. అది ఘోర పాతకము. ఆ మృతులలో అరబ్బు పౌరులును, థాయిలాండు కూలీలును ఉండిరి. ఆ తరువాత గాజాలో పదులవేలమంది చనిపోయిరి. అక్టోబరు 19న అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ దేవాలయ ఆవరణలో తలదాచుకొన్న క్రైస్తవులు బాంబు దెబ్బకు కూలిరి. ఆమోసు ఇశ్రాయేలు పాపములను దాచలేదు. యిర్మీయా తన రాజుతో యుద్ధము వద్దని చెప్పి గోతిలో పడెను. సొంత ప్రవక్తలు దీవింపని దానిని మనము చప్పట్లు కొట్టి దీవించుదుమా? అట్లని యూదులను ద్వేషించుట ఇంకను పెద్ద పాపము. క్రైస్తవ దేశములు శతాబ్దములు ఆ ద్వేషమును పెంచినందుననే హిట్లరు కాలమున అరువది లక్షల యూదులు చంపబడిరి.

మూడవ మాట మన ఇండ్లకే తగులుచున్నది. గల్ఫు దేశములకు పోయినట్లే మన జిల్లాల బిడ్డలు ఇజ్రాయెలునకును పోవుచున్నారు. ముసలివారికి సేవ చేయుచు, ఇండ్లు కట్టుచు కూలి సంపాదించుచున్నారు. అది మానమైన కష్టార్జితమే. అయితే సేవకు పోయినవారి అనుమతి సాధారణముగా 63 నెలలు. ఎన్ని యేండ్లు మంచము ప్రక్కన మేలుకొన్నను ఆ సేవ పౌరసత్వమునకు దారి కాదు. 2024 మార్చి 4న ఉత్తర సరిహద్దున మర్గలియోట్ వద్ద తోటపని చేయుచున్న కేరళ యువకుడొకడు క్షిపణి దెబ్బకు చనిపోయెను. పరిశుద్ధ దేశమునకు పోవువానికి భయము లేదని చెప్పి, పొలము అమ్మించి, ఏజెంటుకు డబ్బు కట్టించువాడు ఆ తల్లికి ఏమి జవాబు చెప్పును?

కావున సంఘపెద్దలారా, ఆ జెండాను తీసివేయుడి. ఏ రాజ్యపు జెండాకును ఆ స్థలము తగదు. అక్కడికి పోవు బిడ్డ ఒప్పంద పత్రమును చదివించుడి. ప్రభుత్వ మార్గమున పోవుచున్నాడో లేదో విచారించుడి. వాని పేరును, వాడు సేవించు ముసలివాని పేరును, గాజాలోని అనాథను ఒక్క ప్రార్థనలోనే జ్ఞాపకము చేసికొనుడి. యాకోబునకు ఇశ్రాయేలు అను పేరు యబ్బోకు రేవున, దేవునితో పెనుగులాడిన రాత్రి వచ్చెను. తెల్లవారగా అతడు కుంటుచు నడచి, తాను మోసగించిన అన్నకు సాష్టాంగపడెను. ఆ పేరు కావలెనన్నవారు మొదట తమ సహోదరుని యొద్దకు వెళ్లుదురు గాక. ఆమేన్.