పడవలో పావలా వాటా

చీటీ వేయాలా, బంగారం కొనాలా అని అడిగే ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఇల్లు కొనమంటారా, అద్దెకే ఉండమంటారా అనీ రాస్తుంటారు. కానీ బోస్టన్ నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చదివి మాత్రం కాసేపు కళ్ళజోడు తీసి కూర్చున్నాను. పడవ గురించి! అదీ తెరచాప పడవ గురించి!

సంగతేమిటంటే, ఈవిడ భర్తా, ఆయన ఆఫీసు స్నేహితులు ముగ్గురూ కలిసి ఒక తెరచాప పడవని సీజనంతా లీజుకి తీసుకుందామనుకుంటున్నారు. మొత్తం 12,000 డాలర్లు. తలా 3,000. "కొంటే ఎంతవుతుందో తెలుసా, మనకి పావలా వాటాకే పడవ దొరుకుతోంది" అంటాడట ఆయన. వాళ్ళ తాతగారికి కోనసీమలో సరుకులు మోసే పడవ ఉండేదిట. ఈవిడేమో మూడేళ్ళయింది వాళ్ళమ్మని చూసి. వేసవిలో పిల్లల్ని తీసుకుని ఊరు వెళదామని దాచిన డబ్బులోంచే ఆ మూడు వేలూ తీయాలి. "వద్దంటే సరదా తెలియని మనిషినంటారు. ఊఁ అంటే ఈ ఏడూ అమ్మని చూడలేను. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

చెప్పొద్దూ, నాకు పడవంటే చిన్నప్పుడు రాజమండ్రిలో ఎక్కిన లాంచీయే. అయినా లెక్క లెక్కే కదా! కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుందాం రండి.

బోస్టన్‌లో చలికాలం వచ్చేసరికి చాలామటుకు పడవల్ని ఒడ్డుకెక్కించి, ప్లాస్టిక్ చుట్టి పడుకోబెట్టేస్తారు. మే నెల మొదలు అక్టోబరు సగం దాకా అనుకోండి, 24 వారాలు. శని, ఆదివారాలు కలిపి 48 రోజులు. నలుగురికి పంచితే తలా 12. అందులో వాన పడ్డ రోజు పోయింది, గాలి లేని రోజు పోయింది (గాలి లేకపోతే తెరచాప ఆరేసిన దుప్పటితో సమానం), పిల్లల పుట్టినరోజులూ, ఇంటికొచ్చే చుట్టాలూ ఉండనే ఉన్నారు. ఆరు రోజులు మిగిలితే గొప్పే. 3,000ని ఆరుతో భాగించండి. షికారుకి 500 డాలర్లు!

అలాగని ఆయన పక్షం వదిలెయ్యకూడదు. జూన్‌లో అక్కడ రాత్రి ఎనిమిది దాటితే గానీ పొద్దు గుంకదు. పడవ కట్టే చోటు ఇంటికి దగ్గరైతే ఆఫీసు అయ్యాక సాయంత్రాలు వెళ్ళి రావచ్చు. అలా ఇంకో పదిహేను సాయంత్రాలు వెళ్ళారనుకుందాం. అప్పుడు ఒక్కోసారికి 143 డాలర్లే అవుతుంది. అందుకని చెల్లెలు ముందు అడగాల్సింది "ఎంత?" అని కాదు, "ఎంత దూరం?" అని. గంటన్నర కారులో వెళ్ళి, తెరచాపల మీది ముసుగులు విప్పి, మళ్ళీ వచ్చి మడతలు పెట్టి, తాళ్ళు చుట్టి... మంగళవారం సాయంత్రం ఎవరూ ఆ పని చెయ్యరు.

ఇక ఆ లీజు కాగితం. పడవకి రేవులో జాగా అద్దె అడుగుల లెక్కన ఉంటుంది. ఇన్సూరెన్సు, ఇంజను సర్వీసు, అడుగున పట్టిన నాచు గీకించడం, చలికాలం దాచడం, ఇవన్నీ పడవ సొంతదారే భరిస్తే 12,000 దోపిడీ ఏమీ కాదు. భరించనంటే మాత్రం ఇది నెయ్యి లేని నేతి గారె. ఇన్సూరెన్సు ఉన్నా, దెబ్బ తగిలితే మొదటి కొంత సొమ్ము మన జేబులోంచే పోతుంది. నలుగురిలో ఎవరు గుద్దారో తేల్చేదెవరు? స్నేహాలు చెడేది అక్కడే.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది నాలుగు సంతకాలు. అలాంటి కాగితంలో సాధారణంగా నలుగురూ కలిసీ, ఎవరికి వారూ కూడా మొత్తం బాకీకి పూచీ అని రాసి ఉంటుంది. నలుగురూ వీసా మీద ఉన్నవాళ్ళేనట. హెచ్ వన్ బి వాళ్ళకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువే కదా! ఒకరు పెట్టె సర్దుకున్నారంటే ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. మన చీటీలో ఒకడు పాడుకుని పరారైనట్టే.

మరి ఆయన ముచ్చటో? తాత పట్టిన చుక్కాని మనవడు పట్టాలనుకోవడం తప్పా? కాదు. అమ్మాయ్, ఆయన్ని వెక్కిరించకు. మీ ఊళ్ళోనే చార్లెస్ నది ఒడ్డున 1946 నుంచి నడుస్తున్న కమ్యూనిటీ బోటింగ్ అనే సంస్థ ఉంది. లాభం కోసం పెట్టింది కాదు. పెద్దవాళ్ళు సీజనుకి సభ్యత్వం కడితే నేర్పడమూ అందులోనే, పడవలూ వాళ్ళవే. పదేళ్ళు నిండిన పిల్లలకి ఇంటి ఆదాయాన్ని బట్టి ఒక్క డాలరు నుంచీ రుసుము ఉంటుంది. సముద్రం మీద పెద్ద పడవ కాదులే, నది మీద చిన్న పడవ. ఈ ఏడు అక్కడ చేరమను. సీజనులో ఇరవైసార్లు వెళ్ళాడూ, వచ్చే ఏడు పావలా వాటా మాట నువ్వే ఎత్తు. నాలుగుసార్లకే మానేస్తే మూడు వేలు మిగిలినట్టు.

టిక్కెట్లు మాత్రం ఈ వారమే కొనెయ్యి. పడవ పై ఏడూ ఉంటుంది. మీ అమ్మగారికి డెబ్భై ఆరని నువ్వే రాశావు.

ఉత్తరం చివర, కొట్టేసి మళ్ళీ రాసిన వాక్యం ఒకటుంది. "నిజానికి నాకూ ఎక్కాలనే ఉంది, ఈత రాదు." ఈ మాట ఆయనకి చెప్పావా? చెప్పకపోతే చెప్పు. ముందు ఈత నేర్చుకో, ఊరి నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి వెళ్ళండి.

అన్నట్టు, పడవలోకి ఏం కట్టుకెళ్ళాలనీ అడిగింది. పులిహోర, కారప్పూస, మూత గట్టి డబ్బాల్లో. పెరుగన్నం, చారు వద్దు, ఒరిగితే మీ ఒళ్ళోకే. కడుపులో తిప్పకుండా అల్లం మురబ్బా చేసుకోండి. పావుకిలో అల్లం చెక్కు తీసి, తురిమి, అంతే తూకం బెల్లంతో ముదురు పాకం వచ్చేదాకా కలియబెట్టి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోయండి. పడవ కదలకముందే ఒక ముక్క బుగ్గన పెట్టుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు.